మాణిక్యమ్మ పలకని పేరు

2003 మార్చి. చీరాల వెళ్లే రోడ్డు మీద ఒక మండల రెవెన్యూ ఆఫీసులో నేను జూనియర్ అసిస్టెంటుగా పనిచేస్తున్న రోజులు. నాకిచ్చిన సీటు రికార్డు రూము. ఆ సీటు ఎవరూ కోరుకోరు. ఎర్రగుడ్డల్లో మూటలు కట్టిన దస్త్రాలు, మధ్యమధ్య ఎండిన వేపాకు, కలరా ఉండలు, ఈ రెండింటినీ లెక్కచేయని చెదలు. గాలి కోసం కిటికీ తీస్తే ఆఫీసు వెనకే మిరప కల్లాలు. ఆ నెలలో ఆ గదిలో తుమ్మకుండా ఒక పేజీ చదవడం నా వల్ల అయ్యేది కాదు.

రెవెన్యూ ఆఫీసంటే ముద్రలు కొట్టడమేనని బయటివాళ్లు అనుకుంటారు. నా సర్వీసులో సగం చనిపోయినవాళ్లను వెతకడంతోనే గడిచింది. ఫలానా పొలం మా ముత్తాతదేనని ఒకరు వస్తారు, ఆ ముత్తాత వీళ్లకేమీ కాడని ఇంకొకరు వస్తారు. అప్పుడు మేము తీసే మొదటి పుస్తకం డైగ్లాట్. తెల్లదొరల కాలంలో భూములు కొలిచి రాసిన రిజిస్టరు అది. ఒక పక్క ఇంగ్లీషు, ఒక పక్క తెలుగు ఉంటాయి కాబట్టి ఆ పేరు. సర్వే నంబరు, పట్టాదారు పేరు, ఆయన తండ్రి పేరు అందులో దొరుకుతాయి. తర్వాత ఆ పొలం ఎవరి పేరుకు మారిందో మ్యుటేషన్ రిజిస్టరు, అంటే పట్టా మార్పుల పుస్తకం, చెబుతుంది. ఈ రెండూ దగ్గరుంటే ఎంత పాత మనిషినైనా పట్టుకుంటానని నాకు ధీమా. నా రిపోర్టుకు వంక పెట్టిన ఎమ్మార్వో అప్పటిదాకా లేడు.

వెంకటేశ్వర్లు అర్జీని కూడా ఆ ధీమాతోనే తీసుకున్నాను. అతను కౌలుకు పత్తి వేసే రైతు. ముప్పై అయిదేళ్లుంటాయి. అతని భార్య నాగమణి ఊళ్లో జాకెట్లు కుట్టేది. ఆమెకు రెండు కిడ్నీలూ పాడయ్యాయి. వారానికి రెండుసార్లు బస్సులో గుంటూరు తీసుకెళ్లి, బ్రాడీపేటలో ఒక ఆసుపత్రిలో డయాలసిస్ చేయించుకొస్తున్నాడు. కిడ్నీ ఇవ్వడానికి ఇంట్లో ఎవరూ పనికిరాలేదు. తల్లి ఎప్పుడో పోయింది, తండ్రికి షుగరు, భర్త రక్తం కలవలేదు. అన్ని పరీక్షల్లో కలిసింది ఒక్క శ్రీనుకే.

శ్రీను చీరాలలో ఆటో తోలతాడు. నాగమణికి అన్న వరస. వాళ్ల తాతలిద్దరూ సొంత అన్నదమ్ములు. నాగమణి తాత సుబ్బయ్య ఊళ్లోనే ఉండిపోయాడు. శ్రీను తాత రామయ్యను చిన్నప్పుడే చీరాల వైపు పిల్లల్లేని బంధువులకు దత్తత ఇచ్చారు. అందుకని ఆ శాఖ ఇంటిపేరు మారిపోయింది. రాకపోకలు మాత్రం ఆగలేదు. తన తల్లి పోయిన చిన్నతనంలో శ్రీను మూడేళ్లు నాగమణి వాళ్లింట్లో అన్నం తిని బడికి వెళ్లాడట. ఆ అన్నం తిన్నవాణ్ణి, ఒక కిడ్నీ ఇవ్వలేనా అన్నాడట.

అవయవాల అమ్మకం జరగకుండా చూడటానికి హైదరాబాదులో ఒక కమిటీ ఉండేది. తల్లిదండ్రులు, తోబుట్టువులు, భార్యాభర్తలు, పిల్లలు కాక వేరేవాళ్లు ఇస్తామంటే ఆ కమిటీ ఒప్పుకోవాలి. వాళ్లు అడిగిన ప్రశ్న న్యాయమైనదే. అన్నాచెల్లెళ్లమంటున్నారు, ఇంటిపేర్లు వేరు, ఇచ్చేవాడు ఆటోడ్రైవరు, దీనికి రుజువేమిటి? మండల రెవెన్యూ ఆఫీసరు ఇచ్చిన బంధుత్వ ధ్రువపత్రం తెమ్మన్నారు. కమిటీ మళ్లీ కూర్చునేది నెలాఖరున. అది తప్పితే ఇంకెప్పుడో చెప్పలేమన్నారు. నాగమణి చేతిలో డయాలసిస్‌కి సూది గుచ్చే నరం అప్పటికే రెండుసార్లు మూసుకుపోయింది. ఆలస్యం చేయొద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు.

అంటే సుబ్బయ్య, రామయ్య ఒకే తండ్రి కొడుకులని తేల్చాలి. ఆ తండ్రే నేను వెతకాల్సిన మనిషి. మూడు వారాల టైముంది. ఇది మూడు రోజుల పని అనుకున్నాను.

ఒక మాట ఒప్పుకోవాలి. నాకు అనుమానం లేకపోలేదు. మా వైపు కిడ్నీలు కొంటున్నారని అప్పట్లో బస్సుల్లో గుసగుసలుగా చెప్పుకునేవాళ్లు. అలాంటిదేదో నా సంతకం మీదుగా జరిగితే జీవితాంతం నిద్రపట్టదని భయం. అందుకని మామూలు కంటే కటువుగానే మొదలుపెట్టాను.

ముందు ఊరికి వెళ్లి విచారణ చేశాను. నాగమణి పుట్టింటి ముందు పట్టలు పరిచి మిరపకాయలు ఆరబోశారు. వరండాలో నాగమణి తండ్రి, బాబాయి, ఊరి పెద్దలు ఇద్దరు కుర్చీల్లో కూర్చున్నారు. నాగమణి గోడకానుకుని చాప మీద కూర్చుంది. మొహం ఉబ్బిపోయి, కాళ్లు మెరుస్తున్నాయి. ఒక చిన్న స్టీలు గ్లాసులో నీళ్లు పక్కన పెట్టుకుని, గుక్కెడు తాగి మళ్లీ మూత పెడుతోంది. రోజంతటికీ అవే నీళ్లని తర్వాత తెలిసింది.

గుమ్మం లోపల, నేల మీద, ఎనభై అయిదేళ్ల ముసలామె కాయలకు తొడిమలు తీస్తోంది. సుబ్బయ్య భార్య మాణిక్యమ్మ, నాగమణికి నాయనమ్మ. ఆ తరంలో మిగిలింది ఆమె ఒక్కతే. నేను కాగితం మీద పెన్ను పెట్టి, అందరూ వినేలా, "మామ్మగారూ, మీ మామగారి పేరేమిటి?" అని అడిగాను.

ఆమె చేతులు ఆగిపోయాయి. తల కొంచెం అడ్డంగా ఊపింది. కొంగు లాక్కుని మళ్లీ కాయలు అందుకుంది. ఇంతలో నాగమణి తండ్రి, "బుల్లెయ్యండి, బుల్లెయ్య. మా తాత," అన్నాడు. పెద్దలు కూడా బుల్లెయ్యే అన్నారు. సుబ్బయ్య పొలం కాగితాల్లోనూ "తండ్రి బుల్లెయ్య" అనే ఉంది. నేను వాళ్ల మాట రాసుకుని, మాణిక్యమ్మ స్టేట్‌మెంటులో "వృద్ధురాలికి తెలియదు" అని రాశాను. ఆమె చేత వేలిముద్ర వేయించాను. చదివి వినిపించానా అంటే, గబగబా వినిపించాను.

అసలు చిక్కు శ్రీను తెచ్చిన కాగితంతో మొదలైంది. వాళ్లింట్లో దాచుకున్న రామయ్య దత్తత పత్రం అది, రిజిస్టరు చేయించినది. అందులో పిల్లవాణ్ణి ఇచ్చిన తండ్రి పేరు బుల్లెయ్య కాదు. తాటికొండ నరసింహం. నాగమణి పుట్టింటి ఇంటిపేరు సరిపోయింది, ఊరు సరిపోయింది, మనిషి పేరు వేరు.

రికార్డు రూములోకి వెళ్లి డైగ్లాట్ దింపాను. తాటికొండ నరసింహం ఉన్నాడు. బుల్లెయ్య అనేవాడు ఆ పుస్తకంలో ఎక్కడా లేడు. పట్టా మార్పుల పుస్తకం తీశాను. నరసింహం చనిపోగా ఆయన కొడుకు కోటయ్య పేరుకు పట్టా మార్చినట్టు ఉంది. ఆ మార్పు తేదీని పత్రం తేదీతో పోల్చి చూశాను. దత్తత పత్రం రాయడానికి చాలా ఏళ్ల ముందే నరసింహం పోయాడు. చనిపోయినవాడు కొడుకుని దత్తత ఎలా ఇస్తాడు?

పత్రం దొంగదనుకున్నాను. పాత కాగితం సంపాదించి పుట్టించారనుకున్నాను. అక్కడితో ఆ పుస్తకం మూసేశాను. సంబంధం రికార్డుల ప్రకారం నిర్ధారణ కాలేదని రిపోర్టు రాసి పెట్టాను. ఎమ్మార్వో గారు ఒకటికి రెండుసార్లు చదివి సంతకం చేశారు. వెంకటేశ్వర్లుకు ఎండార్స్‌మెంట్, అంటే ఆఫీసు ఇచ్చే రాతపూర్వక జవాబు, నా చేత్తోనే ఇచ్చాను.

అతను అరుస్తాడనుకున్నాను. చాలామంది అరుస్తారు, దానికి మాకు అలవాటే. అతను కాగితం మడిచి జేబులో పెట్టుకుని, మళ్లీ తీసి, నా బల్ల మీద పెట్టాడు. "ఇది తీసుకెళ్తే ఆమె చచ్చిపోద్దండి," అన్నాడు. "మేం అబద్ధం చెప్పలేదు మేడమ్. మా తాతల పేర్లు మాకు సరిగ్గా తెలవకపోవచ్చు. ఇంకొక్కసారి చూడండి."

నెలాఖరుకు ఇంకా పదకొండు రోజులున్నాయి. ఆ మధ్యాహ్నం అన్నం డబ్బా తెరిచి మళ్లీ మూసేశాను. నా రిపోర్టు కరెక్టే అని నాకు నేను చెప్పుకుంటూ ఉన్నాను. అయినా ఆ గ్లాసు, దాని మీద మూత, కళ్ల ముందు నుంచి పోవు. నా రాత తప్పయితే ఒక మనిషి పోతుంది, ఒప్పయితే ఒక నేరం ఆగుతుంది. రెండింటిలో ఏది జరుగుతోందో నాకు తెలియదు. ఉద్యోగంలో అంత బెంగ పడ్డది అదే మొదటిసారి.

తర్వాతి రోజు జరిగింది చెబితే మా ఆఫీసులో ఇప్పటికీ నవ్వుతారు. పదకొండింటికి అటెండరు రికార్డు రూము గుమ్మంలోకి వచ్చి, "అమ్మా, ఫోనొచ్చింది. అన్నపూర్ణ పడిపోయిందంట, మిమ్మల్ని తొందరగా రమ్మన్నారు," అన్నాడు. నా చేతిలో పుస్తకం జారిపోయింది. అన్నపూర్ణ మా అత్తగారు. డెబ్బై ఏళ్ల మనిషి, బాత్‌రూములో జారి తుంటి విరగ్గొట్టుకుందేమో అనుకున్నాను. చెప్పులు సరిగ్గా వేసుకోకుండానే ఇంటికి పరుగెత్తాను. ఎండలో పావుగంట నడక. దారి పొడుగునా ఏ దేవుణ్ణి తలచుకున్నానో నాకే గుర్తులేదు.

మా అత్తగారు వసారాలో మంచం మీద కూర్చుని చింతకాయ తొక్కుకు ఈనెలు తీస్తోంది. నన్ను చూసి, "ఏందే, ఇప్పుడొచ్చావు?" అంది. నేను రొప్పుతూ నిలబడ్డాను. ఆవిడ క్షేమంగా ఉంటే మరి పడిపోయింది ఎవరు? అప్పుడు వెలిగింది. ఫోన్ చేసింది బడివాళ్లు. పడిపోయింది నా కూతురు.

మా అమ్మాయికి మా అత్తగారి పేరే పెట్టారు. మా ఇళ్లల్లో మొదటి ఆడపిల్లకు నాయనమ్మ పేరు, మొదటి మగపిల్లాడికి తాత పేరు పెట్టడం మామూలే. కోడలు అత్తమామల పేర్లు నోటితో అనకూడదు. అందుకని నేను నా కూతుర్ని పుట్టినప్పటినుంచి పండూ అనే పిలిచాను. నన్ను చూసి ఇంట్లోవాళ్లంతా అలాగే పిలిచారు. అన్నపూర్ణ అని హాజరు పట్టీలో ఉంటుందని నాకు తెలుసు. కానీ ఆ పేరు చెవిన పడితే నాకు కనపడేది మా అత్తగారే. ఇక్కడ ఆ పేరు రాశావు కదా అంటారేమో. మా ఇంట్లో పట్టింపు నోటికే, రాతకు లేదు.

బడికి పరుగెత్తాను. పండు మోకాలికి కట్టు కట్టించుకుని, హెడ్‌మాస్టరు గదిలో బిస్కెట్ తింటోంది. ఎత్తుకుని ఏడ్చాను. భయపడి ఏడ్చాననుకున్నారు అందరూ. భయం సగమే. మిగతా సగం ఏమిటంటే, ఆ క్షణంలో నాకు నాగమణి వాళ్ల పొలం ఉన్న పట్టా మార్పుల పుస్తకం గుర్తొచ్చింది. నరసింహం అన్న పేరు చూడగానే పెద్దాయన అనుకుని, పోయాడని చదివి, పుస్తకం మూసేశాను. ఆ పేరుతో ఆయన మనవడు ఉండొచ్చని నాకెందుకు తట్టలేదు? ఆ మనవణ్ణి కన్న కోడలు మామగారి పేరు అనలేక బుల్లోడా అని పిలిచి ఉంటే, ఊరంతా బుల్లెయ్య అనదా?

ఆ పూట సెలవు పెట్టాల్సింది. పండును ఇంట్లో దింపి నేరుగా ఆఫీసుకు వెళ్లాను. పట్టా మార్పుల పుస్తకాన్ని ఈసారి పేరు పట్టుకుని కాకుండా సర్వే నంబరు పట్టుకుని చదివాను. మనుషుల పేర్లు మారతాయి, సర్వే నంబరు మారదు. పెద్ద నరసింహం నుంచి కోటయ్యకు. కోటయ్య నుంచి, నేను మూసేసిన పేజీకి పన్నెండు పేజీల తర్వాత, "కోటయ్య కుమారుడు నరసింహం"కు. ఆ తర్వాత అదే పొలం "బుల్లెయ్య కుమారుడు సుబ్బయ్య"కు.

పొలం చిన్న నరసింహం చేతినుంచి సుబ్బయ్య చేతికి వచ్చింది. వారసత్వంగా వచ్చిందా, అమ్మితే వచ్చిందా అని రాసే గడి ఒకటి ఉంటుంది. దాని మీద వేలు పెట్టబోతే నా వేలు కింద పేజీకి తగిలింది. ఆ గడి ఉన్నచోట చెదలు తినేసిన రంధ్రం ఉంది.

పుస్తకం ఎత్తుకుని ఎమ్మార్వో గారి దగ్గరికి వెళ్లాను. ఆయన నెమ్మదస్తుడు, అరుదుగా కోప్పడతారు. నేను తప్పు చేశానేమోనని చెప్పాను. ఆయన చాలాసేపు ఆ రంధ్రం వంకే చూశారు. ఇంటిపేరు ఒకటే అయినంత మాత్రాన తండ్రీకొడుకులు కావాలని లేదు, దాయాదులు పొలాలు అమ్ముకోరా అన్నారు. నా ఊహ బాగుందనీ, ఊహ మీద సంతకం పెట్టలేననీ అన్నారు. బుల్లెయ్యే నరసింహమని తెలిసిన మనిషి ఎవరైనా ఉన్నారా అని అడిగారు.

ఉంది. ఆమె "తెలియదు" అన్నట్టు రాసింది నేనే.

మర్నాడు మళ్లీ ఊరికి వెళ్లాను. నాగమణిని గుంటూరు తీసుకెళ్లారు. ఈసారి వరండాలో మగవాళ్లు కుర్చీలు వేస్తుంటే వద్దన్నాను, కాసేపు బయటకు వెళ్లమన్నాను. లోపల మాణిక్యమ్మ పక్కన నేల మీద కూర్చుని, నేనూ ఒక గుప్పెడు కాయలు తీసుకుని తొడిమలు తుంచడం మొదలుపెట్టాను. మా అత్తగారు, మా పండు, ఆ పరుగు, అంతా చెప్పాను. ముసలామె పళ్లులేని నోటితో చాలాసేపు నవ్వింది. నవ్వి కళ్లు తుడుచుకుంది.

"మొన్న మగోళ్లందర్నీ పెట్టుకుని అడిగితివి. ఎట్టా చెప్పేది తల్లీ?" అంది.

ఇప్పుడు నోటితో వద్దు, ఆ పేరు ఎట్లా ఉంటుందో చెప్పమన్నాను. ఆమె దక్షిణం వైపు చెయ్యెత్తి దణ్ణం పెట్టింది. సింగరాయకొండ మీద ఉన్న సామి పేరేనంది. సింగరాయకొండ మీద ఉన్నది నరసింహస్వామి. ఆ స్వామిని ఆమె పెళ్లయిన నాటినుంచి కొండసామి అనే అంటుందట. ఊళ్లో ఆ పేరున్న కుర్రాళ్లను కూడా కొండసామి పేరోడా అని పిలుస్తుందట.

ఆమెకు ఆ పేరు ఎవరు చెప్పారని అడిగాను. అప్పుడు ఆమె చెప్పింది వింటూ తొడిమలు తుంచడం మర్చిపోయాను. కాపురానికి వచ్చిన మొదటి వారంలో అత్తగారు ఆమెను వంటింట్లో కూర్చోబెట్టి, ఇంట్లో అనకూడని పేర్లన్నీ వరసగా సైగలతో, గుర్తులతో చెప్పిందట. ఏవి అనకూడదో తెలియకపోతే పొరపాటున అనేస్తుంది కదా. మామగారిది కొండసామి పేరు, ఆయన తాతది కూడా అదే పేరు, అందుకే మామగారి తల్లి ఆయన్ని బుల్లోడా అని పిలిచింది, ఆ పిలుపే ఊరికి పేరైపోయింది. ఆయనకు ఇద్దరు కొడుకులు, చిన్నోణ్ణి పెంపకం ఇచ్చారు. మాణిక్యమ్మ వచ్చేసరికి ఆ మరిది చీరాల వైపు వెళ్లిపోయాడు. పండగలకు వచ్చి, వేరే ఇంటిపేరుతో ఈ ఇంట్లో అన్నం తిని వెళ్లేవాడు.

ఆ ఇంట్లో మగవాళ్లు ఆ పేరు అనొచ్చు. అనొచ్చు కాబట్టి పట్టించుకోలేదు, మూడో తరానికి మర్చిపోయారు. అనకూడదన్న ఆడవాళ్లు మాత్రం అత్త నుంచి కోడలికి జాగ్రత్తగా అప్పజెప్పుకుంటూ వచ్చారు. నా డైగ్లాట్ కంటే భద్రంగా ఉన్న రిజిస్టరు ఆమె దగ్గర ఉంది. నేను దాని ముందు కూర్చుని "తెలియదు" అని రాసి వేలిముద్ర వేయించుకున్నాను. సిగ్గుతో చచ్చిపోయాను.

సంతోషంగా ఆఫీసుకు వచ్చి చెబితే ఎమ్మార్వో గారు తల అడ్డంగా ఊపారు. "సైగ చేసిందని రాస్తే హైదరాబాదులో ఒప్పుకోరమ్మా. ఆమె నా ముందు ఆ పేరు నోటితో చెప్పాలి. ఇద్దరూ ఒకరేనని చెప్పాలి. అప్పుడే రాస్తాను." ఆయన మాటలో తప్పు లేదు. ముందు స్టేట్‌మెంటులో తెలియదని ఉంది, ఇప్పుడు తెలుసని ఉంటే, మధ్యలో ఎవరో నేర్పించారనుకుంటారు.

మాణిక్యమ్మకు ఈ సంగతి వెంకటేశ్వర్లు చెప్పాడు. ఆమె రెండు రోజులు ఏమీ మాట్లాడలేదట. వస్తుందో రాదో ఎవరికీ తెలియదు. నెలాఖరుకు వారం కూడా లేదు. వెంకటేశ్వర్లు రోజూ ఆఫీసుకు వచ్చి నా బల్లకు ఎదురుగా నిలబడేవాడు. బలవంతం చేయమని చెప్పడానికి నాకు నోరు రాలేదు. డెబ్బై ఏళ్లు కాపాడుకున్నదాన్ని ఒక కాగితం కోసం వదిలేయమని ఎలా చెప్పను? చెప్పకుండా ఎలా ఉండను?

మూడో రోజు ఉదయం ఆఫీసు ముందు ఆటో ఆగింది. శ్రీను ఆటో. చీరాల నుంచి వచ్చి వాళ్లను ఊళ్లో ఎక్కించుకుని తెచ్చాడు. మాణిక్యమ్మ ఉతికిన తెల్లచీర కట్టుకుంది. పక్కన నాగమణి. మనిషి ఇంకా ఉబ్బింది, మెట్లు ఎక్కడానికి శ్రీను భుజం పట్టుకుంది. అప్పుడు చూశాను ఇద్దరినీ దగ్గరగా. పోలికలేమీ లేవు. అతను ఆమెను పట్టుకున్న తీరు మాత్రం కొత్తగా పట్టుకున్నవాడిలా లేదు.

ఎమ్మార్వో గారి గదిలో నేను కాగితాలు పెట్టుకుని కూర్చున్నాను. మాణిక్యమ్మను కుర్చీలో కూర్చోమంటే కూర్చోలేదు. ఆయన మర్యాదగా, మీ మామగారి పేరు చెప్పండమ్మా అన్నారు. ఆమె పెదవులు కదిలాయి, మాట రాలేదు. కొంగు తల మీదుగా ముందుకు లాక్కుంది.

నాగమణి గుమ్మంలో నిలబడి ఉంది. "వద్దులే నాయనమ్మా," అంది. "నా కోసం నువ్వు ఆ మాట అనొద్దు. పోదాం పద."

ముసలామె మనవరాలి వైపు తిరిగింది. తర్వాత మా అందరికీ వీపు పెట్టి, గోడ వైపు తిరిగి నిలబడింది.

"నరసింహం," అంది. "మా మామగారు తాటికొండ నరసింహం. ఆయన్నే అందరూ బుల్లెయ్య అనేవాళ్లు. ఆయనకి ఇద్దరు కొడుకులు. పెద్దాయన మా ఇంటాయన. చిన్నోడు రామయ్య, ఈ శీను తాత."

అంతా ఒక్క ఊపిరిలో చెప్పింది. చెప్పి రెండు చేతులతో లెంపలు వేసుకుంది. ఎమ్మార్వో గారు మరొక్కసారి చెప్పమనబోయారు. ఆయనతో ఎన్నడూ ఎదురు మాట్లాడనిదాన్ని. "నేను విన్నాను సార్, రాసుకున్నాను," అన్నాను. ఆయన నా వంక చూసి ఊరుకున్నారు.

ఆ సాయంత్రమే ధ్రువపత్రం తయారైంది. దత్తత పత్రం, సర్వే నంబరు వరస, మాణిక్యమ్మ మాట, మూడూ ఒకదానికొకటి అతికాయి. నెలాఖరున కమిటీ ముందు శ్రీనును గంటసేపు ప్రశ్నలడిగారట. నాగమణి వాళ్లమ్మ ఏ కూర బాగా చేసేదో కూడా అడిగారట. దోసకాయ పప్పు అన్నాడట. ఇద్దర్నీ వేరువేరుగా అడిగితే ఇద్దరూ అదే చెప్పారట. ఆపరేషన్ మే నెలలో జరిగింది. మరుసటి ఏడు నాగమణి మా ఆఫీసుకు వచ్చి, నా జాకెట్ కొలతలు తీసుకుని వెళ్లింది. వచ్చినప్పుడు ఒక లీటరు నీళ్ల సీసా వెంట తెచ్చుకుంది. నా ఎదురుగా కూర్చుని, మాట్లాడుతూ, సగం తాగేసింది. ఆమె మామూలుగానే తాగింది, చూస్తూ కళ్లనీళ్లు పెట్టుకున్నది నేనే.

మాణిక్యమ్మ ఆ తర్వాత ఇంకో రెండేళ్లు బతికింది. మళ్లీ ఆ పేరు ఎప్పుడూ అనలేదట. కొండసామి అనే అనేదట. నేనూ మా అత్తగారి పేరు ఇప్పటికీ నోటితో అనను. అలవాటు మారలేదు, పనిచేసే తీరు మారింది. ఆ కేసు తర్వాత విచారణకు ఏ ఊరు వెళ్లినా ముందు మగవాళ్లను బయటకు పంపి, ఇంట్లో అందరికంటే పెద్ద కోడలి పక్కన నేల మీద కూర్చుంటాను. పేరేమిటని అడగను. మీరు అనకూడని పేర్లు ఏవో చెప్పమంటాను. ఆడవాళ్లు అప్పుడు తరాలకు తరాలు చెబుతారు.

చివరగా ఒక సంగతి. ఒకే ఫైల్లో రెండు వేరువేరు మాటలు ఉండకూడదని, మొదటి స్టేట్‌మెంటును సరిచేయమని ఎమ్మార్వో గారు ఆ రోజే చెప్పారు. ఆఫీసు కాగితంలో తప్పును చెరిపేయకూడదు. కింద ఏముందో చదవడానికి వీలుగా ఒక్క గీత కొట్టాలి. ఆ ఫైలు ఇప్పుడు ఏ ఎర్రగుడ్డ మూటలో ఉందో నాకు తెలియదు. ఎవరైనా విప్పితే కనపడుతుంది. "వృద్ధురాలికి తెలియదు" అన్న నా అక్షరాల మీద ఒక గీత, పక్కన నా పొడి సంతకం, కింద మాణిక్యమ్మ వేలిముద్ర.